నిచ్చెన పట్టుకునేవాడు

నవంబరులో గడియారాల్ని
గంట వెనక్కి తిప్పుకునే ఆదివారం
ఆర్డిత్ కోర్కమ్ కోటు జేబులు బరువెక్కుతాయి.
ఎడమ జేబులో పలకల బ్యాటరీలు,
కుడి జేబులో అల్లం బిళ్లలు.
నిచ్చెన పట్టుకోవడం నా పని.

నోవా స్కోషియా ఒడ్డున మా ఊరి ఇళ్లన్నీ చెక్కవే.
పడవలు కట్టిన చేతులే కట్టాయి వాటిని,
నీటిబొట్టు లోపలికి చొరకుండా.
నిప్పు సంగతి అప్పుడెవరూ అడగలేదు.

మొదటి తలుపు బర్టన్ నికిల్‌ది.
హాడక్ చేప వేయించినప్పుడల్లా అరుస్తోందని
అలారం నోట్లోంచి బ్యాటరీ పీకి
పాత రేడియోకి పెట్టుకున్నాడు, హాకీ కోసం.
"అది ఉత్త అబద్ధాలకోరు, ఆర్డిత్!"
ఆమె తిట్టలేదు.
పొయ్యి దగ్గర్నుంచి వసారా దాకా
అడుగులో అడుగు వేసి కొలిచింది.
"పొగలో కూర్చోబెట్టి దగ్గొద్దంటే ఎలా, బర్టన్?"
పడకగది గుమ్మం బయట కొత్త మర బిగించింది.
రేడియోకి వేరే బ్యాటరీ ఇచ్చింది, తన ఖర్చులోంచి.

హిమ్మెల్మన్ దంపతులకి చెవులు వినపడవు.
వాళ్ల అలారం మంచాన్ని కుదుపుతుంది,
పరుపు కింద పళ్లెమంత యంత్రం.
మీట నొక్కి చూపిస్తే
ముసలావిడ వేళ్లతో ఏదో అంది,
ఆయన చెవులదాకా ఎర్రబడ్డాడు.
ఆర్డిత్ పడీపడీ నవ్వింది.
అర్థం మాత్రం నాకు చెప్పలేదు.

మర్నాడు బళ్లో
నలుగురం నాలుగు చెంగులు పట్టుకుని
పిల్లల నడుమెత్తులో దుప్పటి చాపాం.
"ఇదే పొగ. కింద గాలి మిగిలే ఉంటుంది. పాకండి.
తలుపొస్తే చేతి వెనకవైపుతో తాకి చూడండి.
కాలితే తెరవకండి."
దుప్పటి కిందనుంచి ఒక పాప తల బయటపెట్టి
"మా పిల్లి లోపలే ఉంటే?" అంది.
ఆర్డిత్ జవాబు కాస్త ఆలస్యమైంది.
"మాతో చెప్పు. మేం వెళ్తాం.
నువ్వు మాత్రం వెనక్కి తిరగొద్దు."

గుట్ట మీద కొత్తిల్లు కడుతున్న గార్నెట్ జింక్‌కి
స్ప్రింక్లర్లంటే అనుమానం.
టోస్టు మాడితే చాలు,
ఇల్లంతా వాన కురుస్తుందట, సినిమాల్లోలాగా.
ఆమె రుమాలు విప్పింది:
వరిగింజంత గాజుగొట్టం,
లోపల ఎర్రటి రసం.
"పొగకి లొంగదిది. వేడికే పగులుతుంది.
ఎక్కడ మండితే అక్కడిదే.
మిగతావి నోరు మెదపవు."
ఇల్లంటుకున్నాక బావి తవ్వేవాళ్లని చూశాను.
ఇది ముందే తవ్వి
తలకిందులుగా కప్పుకి వేలాడదీసిన బావి.
గార్నెట్ ఆ గింజని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశాడు.
ఖరీదడిగాడు. ఆలోచిస్తానన్నాడు.

తిరుగుదారిలో ఆమె ఎప్పుడూ ఒక వీధి తప్పిస్తుంది.
ఆ వీధిలో రెండిళ్ల మధ్య గడ్డి పెరిగిన జాగా,
ఊడిన పంటి సందులా.
అడగలేదు. ఈసారి తనే చెప్పింది.
"ముప్పైమందిమి ఉన్నాం. రెండు బళ్లు.
వెనకాల సముద్రమంతా ఉంది.
నీళ్లకేం కొదవ?
మాకు లేనివి నిమిషాలు.
తెల్లారాక బూడిదలో దొరికింది,
సగం కరిగిన గుండ్రటి ప్లాస్టిక్కు.
దాని నోరు ఖాళీ."
ఒక అల్లం బిళ్ల నోట్లో వేసుకుంది.
నాకు ఇవ్వడం మర్చిపోయింది.

మా ఇంటి మలుపులో ఆగి
"మీ ఇంట్లో?" అంది.
మూడేళ్లుగా ఊళ్లో నిచ్చెనలన్నీ పట్టుకున్నవాణ్ణి.
బూట్ల వంక చూసుకున్నాను.
వేసవిలో కీచుకీచుమంటోందని విప్పాను.
సొరుగులో ఉంది,
కత్తెర పక్కన, పుట్టినరోజు కొవ్వొత్తుల కింద.

ఆ రాత్రి నిచ్చెన ఆమె పట్టుకుంది.
నేనెక్కాను.
మోకాళ్లు వణికాయి, ఎత్తుకి కాదు.
బిగించి, బొత్తం నొక్కాను.
ఇల్లు ఇల్లంతా ఒకటే కేక.
మేడ మీద ఉయ్యాల్లో మా చంటిది
ఉలిక్కిపడి లేచి గుక్కపట్టింది.

"మంచిది," అంది ఆర్డిత్ కిందనుంచి,
"వినపడింది."